వంటింటి లితో

వంటింటి లితో అంటే అల్యూమినియం ఫాయిల్, సబ్బు, కోలా, వంటనూనె, స్పాంజితో చేసే శిలాముద్రణ. ఇందులో శిల ఉండదు. సూత్రం మాత్రం రెండు శతాబ్దాల కిందట జర్మనీలో రాతి మీద పుట్టినదే. ఫ్రెంచి చిత్రకారిణి ఎమిలీ ఎజియే 2011లో దీనికి ఒక రూపం ఇచ్చి ‘కిచెన్ లితోగ్రఫీ’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత అచ్చుయంత్రం కొనలేని కళావిద్యార్థులూ బడిపిల్లలూ దీన్ని అందిపుచ్చుకున్నారు. యంత్రం ఉండి కూడా రసాయనాలతో విసిగిపోయిన చిత్రకారులూ ఇటు వచ్చారు.

కోలా పోసి బొమ్మ అచ్చు వేయడమంటే మొదట గారడీలా వినిపిస్తుంది. నిజానికి ఇందులోని ప్రతి వంటింటి వస్తువూ పెద్ద అచ్చుశాలలో మరో పేరుతో చేసే పనినే చేస్తుంది. ఏ వస్తువు ఏ పని చేస్తోందో తెలిస్తే, ఒకటి దొరకనప్పుడు దాని బదులు ఏది వాడాలో ఎవరినీ అడగనక్కర్లేదు.

కొవ్వు, నీరు

అచ్చు పద్ధతులను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు. రబ్బరు స్టాంపులో, కలంకారీ అచ్చుదిమ్మెలో అక్షరమో పువ్వో పైకి పొడుచుకు వచ్చి ఉంటుంది, రంగు ఆ ఎత్తుకే అంటుతుంది. రాగిరేకు ఎచింగులో గీత లోతుగా ఉంటుంది, రంగు ఆ లోతులో నిలుస్తుంది. మూడోది లితో. అందులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. అచ్చయ్యే చోటు, అచ్చుకాని చోటు ఒకే మట్టంలో ఉంటాయి. ఒక చోటు కొవ్వును పట్టుకుంటుంది, మరో చోటు నీటిని పట్టుకుంటుంది. పలకను తడిపి, నూనెతో కలిపిన ఇంకును రోలరుతో పూస్తే, తడి ఉన్న చోట ఇంకు నిలవదు, కొవ్వు ఉన్న చోట అతుక్కుంటుంది. సాంబారు మీద నూనె తేలడాన్ని చూసినవారికి ఇంతకు మించి చెప్పాల్సిన పని లేదు.

సైక్లోస్టయిల్‌ను కొందరు లితో అనుకుంటారు. అది వేరు. మైనపు కాగితంలో పొడిచిన రంధ్రాల గుండా ఇంకు కిందికి దిగే స్టెన్సిల్ పద్ధతి అది.

చాకలి పద్దు

లితోను కనుగొన్న అలోయిస్ సెనెఫెల్డర్ 1771లో ప్రాగ్‌లో పుట్టాడు, మ్యూనిక్‌లో పెరిగాడు. తండ్రి నాటక నటుడు. తండ్రి పోవడంతో న్యాయశాస్త్రం చదువు మధ్యలో ఆగింది. నాటకాలు రాశాడు గానీ అచ్చు ఖర్చులే రాబడిని మింగేసేవి. తన పుస్తకాలను తానే అచ్చు వేసుకుంటే సరిపోతుందని రాగిరేకుల మీద సాధన మొదలుపెట్టాడు. రాగి ఖరీదైనది. రంగులు నూరుకోవడానికి కొన్న సున్నపురాతి పలక ఒకటి ఇంట్లో ఉంటే, దాని మీద కుడిఎడమలు తారుమారైన రాత నేర్చుకోవడం ప్రారంభించాడు.

1796లో ఒకరోజు తల్లి వచ్చి, చాకలికి వేసే బట్టల పద్దు రాయమంది. చేతికి కాగితం అందలేదు. మైనం, సబ్బు, దీపపు మసి కలిపి తాను చేసుకున్న ఇంకుతో ఆ పద్దును రాతి మీదే రాసేశాడు. తర్వాత చెరిపేయబోతూ, ఆమ్లం పోస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాడు. రాత లేని చోట రాయి కరిగింది, రాత పేకముక్క మందాన పైకి నిలిచింది. అది ఇంకా నిజమైన లితో కాదు, ఎత్తు అచ్చే. కొవ్వు, నీరు తప్ప ఎత్తుతో పనే లేదని గ్రహించడానికి మరో రెండేళ్లు పట్టింది. 1798లో తేలిన ఆ పద్ధతికి అతను పెట్టుకున్న పేరు ‘రసాయన ముద్రణ’. 1818లో వచ్చిన అతని పాఠ్యగ్రంథంలో రాతి మీది రాతతో పాటు లోహపు పలకలు, బదిలీ కాగితం ప్రస్తావన కూడా ఉంది.

కాబట్టి లితో వంటింట్లోకి కొత్తగా వచ్చిందనడం సరికాదు. అది పుట్టిందే ఇంటి సరుకులతో, ఇంటి లెక్క రాస్తూ. తర్వాతి కాలంలో అది పెద్ద కర్మాగారం వైపు వెళ్లింది. ఫ్రెంచి చిత్రకారులు డోమియే వేసిన వ్యంగ్యచిత్రాలు, తులూజ్ లోత్రెక్ వేసిన గోడపత్రికలు రాతి అచ్చులే. రాయి నుంచి జింకు రేకుకు, అక్కణ్నుంచి అల్యూమినియం రేకుకు మారింది. 1904 ప్రాంతంలో అమెరికాలో ఐరా రూబెల్ అనే అచ్చుకారుడు, బొమ్మను ముందు రబ్బరు దుప్పటి మీదికి ఎత్తి అక్కణ్నుంచి కాగితానికి దించే యంత్రం చేశాడు. అదే ఆఫ్‌సెట్. ఈ పూట ఇంటికి వచ్చిన దినపత్రిక కూడా అల్యూమినియం ప్లేటు మీద నీరు, కొవ్వు ఆడిన ఆటే.

రాయి సంగతి

సెనెఫెల్డర్ వాడినది బవేరియాలోని సోల్న్‌హోఫెన్ ప్రాంతపు సున్నపురాయి. మెత్తని బురద పొరలుపొరలుగా గట్టిపడి ఏర్పడినందువల్ల దాని రేణువు అతి సన్నం. ఆ గనుల్లోనే పక్షికీ సరీసృపానికీ నడుమనున్న జీవి శిలాజం బయటపడింది. 1861లో దానికి ఆర్కియోప్టెరిక్స్ లితోగ్రఫికా అని పేరు పెట్టారు. ఆ పేరులోని రెండో మాట అచ్చురాయిదే.

రాయి ఎందుకు పనిచేస్తుందంటే, సబ్బులోని కొవ్వు ఆమ్లాలు సున్నపురాతిలోని కాల్షియంతో కలిసి నీటికి కరగని సబ్బుగా మారి రంధ్రాల్లో పాతుకుపోతాయి. ఉప్పునీళ్ల బోరు ఉన్న ఇళ్లలో బకెట్ అంచుకు పట్టే తెల్లని జిడ్డు తెట్టె ఆ జాతిదే. ఎంత తోమినా వదలని ఆ జిడ్డు రాతిలో ఉంటే అది బొమ్మ.

తెలుగువారు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: తాండూరు బండ, కడప బండ కూడా సున్నపురాయే కదా, వాటి మీద కుదరదా? బవేరియాలో కూడా ఆ రాతిని ఇళ్లలో నేలకు పరుస్తారు గనుక ప్రశ్న సబబైనదే. అయితే అచ్చుకు సున్నం ఒక్కటే చాలదు. అంచు నుంచి అంచు దాకా రేణువు ఒకే తీరుగా ఉండాలి, ఇసుక పొర, నెరియ, మచ్చ ఉండకూడదు. పైగా బరువు. 50 సెంటీమీటర్ల వెడల్పు, 60 పొడవు, 8 మందం ఉన్న రాయి 60 కిలోలకు పైగా తూగుతుంది. అంతే విస్తీర్ణం ఉన్న వంటింటి ఫాయిల్ బరువు 15 గ్రాములకు లోపే.

సరంజామా

ఫాయిల్‌కు ఒకవైపు మెరుపు, మరోవైపు మసక ఉంటాయి. మిల్లులో చివరిసారి రెండు రేకులను కలిపి రోలర్ల మధ్య నడపడం వల్ల, ఒకదానికొకటి ఆనుకున్న ముఖాలు మసకబారతాయి. ఆ మసక ముఖమే గీతకు కాస్త పట్టునిస్తుంది. గాలి తగిలిన అల్యూమినియం మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. నీటిని పట్టుకునే గుణం దానిది. పల్చని ఫాయిల్ ఊరికే చిరుగుతుంది, కనుక దొరికినంతలో మందమైనది తీసుకోవాలి.

కొవ్వు గీతకు సబ్బు. ఇక్కడ మన బజారులో ఒక చిక్కు ఉంది. బట్టలుతికే నీలం బిళ్లల్లో చాలా వాటిలో కొవ్వు సబ్బు ఉండదు, కృత్రిమ డిటర్జెంట్, సోడా, సుద్ద ఉంటాయి. వాటితో గీస్తే అచ్చు రాదు. ఒంటి సబ్బు పైకాగితం మీద టీఎఫ్ఎం అనే అంకె ఉంటుంది, మొత్తం కొవ్వు పదార్థం ఎంతో అది చెబుతుంది. భారత ప్రమాణాల ప్రకారం మొదటి తరగతి సబ్బుకు అది కనీసం 76 శాతం. కొనేవాళ్లు అరుదుగా చూసే ఈ అంకె లితో చేసేవారికి చాలా పనికొస్తుంది. ఫ్రాన్స్‌లో వాడే మార్సెయ్ సబ్బు మీద 72 అని ముద్ర ఉంటుంది. సబ్బు ముక్కను పెన్సిల్ మొనలా చెక్కి గీయవచ్చు, తడిపిన కుంచెతో అరగదీసి పూయవచ్చు. మైనపు క్రేయాన్, లిప్‌స్టిక్, ఆముదపు దీపం మసితో చేసిన కాటుక, ఏదైనా సరే జిడ్డు ఉంటే చాలు. సెనెఫెల్డర్ ఇంకు కూడా ఒక రకంగా సబ్బు, మైనం కలిపిన కాటుకే.

ఇక కోలా. అందులో పని చేసేది ఫాస్ఫారిక్ ఆమ్లం. సీసా వెనక పదార్థాల జాబితాలో ఆమ్లత్వ నియంత్రకం 338 అని ఉంటే అదే. నిమ్మ రుచి సోడాల మీద 330 అని ఉంటుంది. అది సిట్రిక్ ఆమ్లం, ఈ పద్ధతికి వాడేది అది కాదు. కోలా పీహెచ్ విలువ సుమారు 2.5. పెద్ద ఆఫ్‌సెట్ యంత్రంలో ప్లేటును తడిపే ద్రావణంలో ఫాస్ఫారిక్ ఆమ్లం, గమ్ అరబిక్ అనే చెట్టు బంక కలుపుతారు. ఆ బంకను శీతల పానీయాల పరిశ్రమ కూడా వాడుతుంది, రుచినిచ్చే నూనెలు నీటిలో విడిపోకుండా. కనుక కోలా ఎంపిక వెనక ఉన్నది చమత్కారం కాదు, వరస కలవడం. బంక విడిగా కావాలంటే ఆఫ్రికా తుమ్మ జాతి చెట్టు నుంచి వచ్చేది చిత్రకళా సామగ్రి దుకాణాల్లో దొరుకుతుంది. మన పచారీ కొట్లలోని తుమ్మబంక దానికి దగ్గరి చుట్టమే.

ఒక్క ఇంకును మాత్రం ఇంట్లో వెతికి లాభం లేదు. పెన్ను సిరా, పోస్టర్ రంగు నీటితో చేసినవి, తడి చోటుకే మొదట అంటుతాయి. నూనె ఇంకే కావాలి. ఊళ్లో ఏ ఆఫ్‌సెట్ ప్రెస్సులో అడిగినా నల్ల ఇంకు చెంచాడు ఇస్తారు. ఇంకు గట్టిగా ఉండాలి. పల్చబడితే తడి చోటికి పాకుతుంది. అలా అయితే మెగ్నీషియం కార్బొనేట్ పొడి చిటికెడు కలపాలి, వ్యాయామ క్రీడాకారులు అరచేతులకు రాసుకునే సుద్ద అదే.

పని జరిగే తీరు

గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి తీసుకుని, దాని మీద ఫాయిల్‌ను మసక ముఖం పైకి వచ్చేలా పరచి, అంచులను వెనక్కి మడిచి టేపు అంటించాలి. ముడత పడితే ఆ ముడత కూడా అచ్చవుతుంది. వెనిగర్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఇక్కణ్నుంచి వేలు ముఖానికి తగలకూడదు. వేలి కొనన ఉండే జిడ్డు కంటికి కనబడదు గానీ అచ్చులో వేలిముద్రగా తేలుతుంది. కొత్తవారి మొదటి ప్రతుల్లో బొమ్మకంటే స్పష్టంగా వచ్చేది అదే.

తర్వాత బొమ్మ. అచ్చు కుడిఎడమలు తారుమారై వస్తుంది. చెట్టు బొమ్మకు ఫరవాలేదు గానీ అక్షరాలుంటే చిక్కు. ‘క’ తలకట్టు అటు తిరిగితే ఎవరైనా పట్టేస్తారు. ట్రేసింగ్ కాగితం మీద రాసి, తిరగేసి, దాన్ని చూస్తూ రాసుకోవడం సులువు. గీస్తున్నప్పుడు రేకు చిల్లు పడనంత తేలికగా చెయ్యి ఆడాలి.

ఇప్పుడు కోలా. పలకను వాలుగా పట్టి మొత్తం తడిసేలా పోయాలి. అర నిమిషం లోపు చాలు, ఒకటి రెండుసార్లు పోయవచ్చు. గీత లేని చోట ఆమ్లం తాకి, ఆ రేకు నీటిని మరింత బాగా పట్టుకునేలా మారుతుంది. గీత ఉన్న చోట సబ్బు కవచంలా అడ్డుపడుతుంది. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

తర్వాతి మెట్టు దగ్గర చాలామంది జంకుతారు. వంటనూనె అద్దిన గుడ్డతో ఇంత కష్టపడి గీసిన బొమ్మను తుడిచేయాలి. బొమ్మ మాయమవుతుంది, రేకు ఖాళీగా కనిపిస్తుంది. రాతి అచ్చులో కూడా ఇదే చేస్తారు, నూనె బదులు టర్పెంటైన్‌తో. పోయింది పైనున్న సబ్బూ రంగూ మాత్రమే. కొవ్వును కోరుకునే చోటు అలాగే ఉంటుంది. స్పాంజితో తడిపి, ఇంకు పూసిన రోలరును నడిపిస్తే బొమ్మ కొంచెం కొంచెంగా తిరిగి వస్తుంది. తడపడం, పూయడం, మళ్లీ తడపడం. ఈ లయ చేతికి రావడమే మొత్తం విద్యలో కష్టమైన భాగం. నీరు ఎక్కువైతే ఇంకు ఎక్కదు, తక్కువైతే రేకంతా నల్లబడుతుంది. నల్లబడితే భయం లేదు. స్పాంజికి కాస్త కోలా అద్ది తుడిస్తే మైల వదులుతుంది, రోలరు మళ్లీ సాగించవచ్చు.

కాగితం నునుపుగా ఉండాలి. రేకు మీద పరచి, పైన మరో కాగితం వేసి, గరిటె వెనక భాగంతో ఒక మూల నుంచి మరో మూలకు రుద్దుతూ రావాలి. చపాతీ కర్ర అందరికీ తట్టే ఉపాయమే గానీ కర్ర జరిగినప్పుడు కాగితమూ జరిగి గీత రెండుగా పడుతుంది. గరిటే మేలు.

హద్దులు

ఈ పద్ధతి గీతకు బాగా లొంగుతుంది, నీడకు అంతగా లొంగదు. అచ్చురాయిని ఇసుకతోనో కార్బొరండం పొడితోనో నూరి, సన్నని గరుకు తెచ్చి దాని మీద గీస్తారు. క్రేయాన్ ఆ గరుకు మొనలకే అంటి, లేత బూడిద నుంచి నలుపు దాకా అన్ని ఛాయలూ ఇస్తుంది. ఫాయిల్‌కు ఆ గరుకు లేదు. అతి సన్నని గరుకు కాగితంతో రుద్ది కొంత తెచ్చుకోవచ్చు గానీ రేకు మందం అందుకు పెద్దగా చోటివ్వదు. ప్రతులు కూడా కొన్నే వస్తాయి. ఇంకు పూసినప్పుడల్లా గీత కొద్దిగా లావెక్కుతుంది, నీడ చోట్లు పూడుకుపోతాయి. వందల ప్రతులు తీసే పనికి ఇది పనికిరాదు.

ప్రమాదం తక్కువే, అసలే లేదని కాదు. అవిసె నూనె ఉన్న ఇంకు తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని నీళ్లలో తడిపి పారేయాలి. కోలాతో పని కావడం లేదని కాలువలు శుభ్రం చేసే కాస్టిక్ సోడా జోలికి వెళ్లకూడదు. అది అల్యూమినియంతో తీవ్రంగా చర్య జరిపి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. అచ్చుకు వాడిన గరిటె మళ్లీ పప్పులోకి వెళ్లకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

దాయాది పద్ధతులు

ఫాయిల్ కన్నా సులువైనది జిరాక్సు కాగితం. టోనర్ ప్లాస్టిక్ లాంటి పొడి, నీటిని తోస్తుంది, నూనె ఇంకును పట్టుకుంటుంది. జిరాక్సు ప్రతి మీద బంక నీళ్లు పూస్తే తెల్ల కాగితం తడిని పట్టుకుంటుంది. ఇంకు పూసి, మరో కాగితం మీద బోర్లించి ఒత్తితే బొమ్మ దిగుతుంది. కాగితం నాని చిరిగిపోతుంది గనుక ఒకటి రెండు ప్రతులే.

జపాన్‌లో 1970ల్లో సెయిషి ఒజాకు ప్లైవుడ్ మీద లితో చేసే మోకులితో పద్ధతిని తెచ్చారు. చెక్క నారల గీతలు కూడా బొమ్మలో కలిసి వస్తాయి. కెనడాలో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయానికి చెందిన నిక్ సెమెనోఫ్ అసలు నీరే అక్కర్లేని దారి చూపారు. వాడి పారేసిన ఆఫ్‌సెట్ ప్లేటు మీద గీసి, కిటికీల సందులు పూడ్చే సిలికాన్‌ను పల్చగా పూసి, గట్టిపడ్డాక గీతను కడిగేస్తారు. సిలికాన్ ఇంకును దగ్గరకు రానివ్వదు. ప్రెస్సుల్లో వాడిన ప్లేట్లు తుక్కు ధరకు దొరికే మన ఊళ్లకు ఇది ఫాయిల్ కన్నా నప్పే దారి అని చెప్పవచ్చు. దాని మీద చిల్లు పడదు, గరుకు కూడా ముందే ఉంటుంది.

మన గోడల మీద

తెలుగు ఇళ్లలో లితో చాలా కాలం దేవుడి గూట్లో ఉంది, ఆ పేరు ఎవరికీ తెలియకుండానే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుశాల నుంచి వచ్చిన లక్ష్మి, సరస్వతి పటాలు రంగుకో రాయి చొప్పున వేసిన అచ్చులే. ఆ రాళ్లూ యంత్రాలూ జర్మనీవి, నిపుణులూ అక్కడివారే. అచ్చుశాల తర్వాత లోనావ్లా దగ్గరి మలవలీకి మారింది, 1972లో కాలిపోయింది.

హైదరాబాద్‌లో లితోను నడిపినది ఉర్దూ. నస్తాలిఖ్ లిపి మెలికలు సీసపు అక్షరాలకు లొంగవు. అందుకే కాతిబులు అనే లేఖకులు జిడ్డు సిరాతో బదిలీ కాగితం మీద మామూలుగానే రాసేవారు, అది రాతి మీదకు తిరగబడి దిగేది, అచ్చులో మళ్లీ సరిగ్గా వచ్చేది. తారుమారు రాత బాధ తప్పించే ఈ ఉపాయం కూడా సెనెఫెల్డర్‌దే. ఇటీవలి చిత్రకారుల్లో హైదరాబాద్‌లో లలితకళలు చదివిన దేవరాజ్ డాకోజీ లితోనే ప్రధాన మాధ్యమంగా చేసుకుని, న్యూయార్క్‌లోని రాబర్ట్ బ్లాక్‌బర్న్ వర్క్‌షాప్‌లో మాస్టర్ ప్రింటర్‌గా పనిచేశారు.

రాయికి, ఫాయిల్‌కు ఇంకొక తేడా ఉంది. పని ముగిసిన రాయిని నూరి మళ్లీ కొత్త బొమ్మకు సిద్ధం చేస్తారు. సరిగ్గా నూరకపోతే పాత బొమ్మ దయ్యంలా కొత్తదాని వెనక తేలుతుంది. ఫాయిల్‌కు ఆ బెడద లేదు. టేపు ఊడదీసి, ఉండ చుట్టి, పాత సామాన్ల బస్తాలో వేసేయడమే.